చెవులు వినని మా తమ్ముడు తాగుడు మానిన సంగతి

ఒక పొద్దున మా తమ్ముడి చేతులు నత్తి కొట్టాయి.

చదివేవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది కాబట్టి ముందు వాడి సంగతి చెప్పాలి. మా తమ్ముడు ఆనందుకు ఏడాది నిండకముందే మెదడుకు జ్వరమెక్కి చెవులు పోయాయి. చెవులతోబాటే మాటా పోయింది. అప్పట్లో మా ఆళ్ళగడ్డలో అలాంటి పిల్లలకు బడేముంది? వాడికీ నాకూ మధ్య చేతుల మాటలు మేమే కట్టుకున్నాం. బుగ్గ మీద వేలు పెడితే నేను. నాకక్కడ పుట్టుమచ్చ ఉంది. తలకు గుడ్డ చుట్టినట్టు తిప్పితే ఓబులేసు మేస్త్రి. మెడ చుట్టూ పట్టీ గీస్తే చర్చి అయ్యగారు. రెండు అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పితే సంగటి ముద్ద. అమ్మా నాయనా పోయాక, నా పెనిమిటి కూడా పోయాక, ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. నేను ఆడపిల్లల బోర్డింగులో వంట చేసేదాన్ని. వాడు ఓబులేసు మేస్త్రి దగ్గర రాళ్ళు చెక్కేవాడు. రోళ్ళు, ఇసుర్రాళ్ళు, సమాధుల మీద నిలబెట్టే సిలువలు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి ఎండాకాలం అది. పొద్దున్నే వాడు నా ఎదుట నిలబడి సంగటి ఉందా అని అడగబోయాడు. అరచేతులు రెండూ కలవలేదు. ముద్ద తిరగలేదు. వేళ్ళు ఒకదానికొకటి తగులుకుంటూ వణికాయి.

"ఏందిరా, ముద్ద చేసేది గూడా మర్సిపోయినావా?" అని నవ్వాను. పెదాలు చూసి నా మాట సగం పట్టుకుంటాడు వాడు. నవ్వలేదు. చేతులు చంకల్లో దాచుకుని బయటికి పోయాడు. నేను పొయ్యి ఆర్పేలోపల తిరిగొచ్చాడు. ఈసారి ముద్ద చక్కగా తిరిగింది. నోట్లో లవంగం నములుతున్నాడు.

నాకు అప్పుడే అనుమానం తగిలింది. సంగటి తినకముందే లవంగం నమిలేవాడు ఎవడు?

రాళ్ళ పనివాళ్ళకు సాయంత్రం పని దిగాక సారా పోయించడం ఆ మేస్త్రి అలవాటు. ఆనందు కూడా తాగుతాడని తెలుసు. అందరిలాగే ఒక గ్లాసు, అంతే అనుకున్నాను. పొద్దున కూడా మొదలైందని ఆరోజు తెలిసింది. అప్పటి నుంచి వాడు గడప తొక్కగానే గడ్డం పట్టుకుని నోరు వాసన చూడటం మొదలుపెట్టాను. వాడు లవంగం నుంచి జామాకుకు, జామాకు నుంచి ఎర్రగడ్డకు, అదే ఉల్లిపాయకు, మారాడు.

నేరుగా ఓబులేసు మేస్త్రి దగ్గరికే పోయి అడిగాను. "నా తమ్మునికి పొద్దున్నే ఎవురు పోస్తాండారు?"

"నన్నడుగుతావేంది రూతమ్మా?" అన్నాడు మేస్త్రి. "వాడేమన్నా నాతో మాట్లాడతాడా? గ్లాసు సాపుతాడు, పోస్తాను. పాపం, మాటల్లేని మనిషి. వానికి ఇంగేముండాది సంతోషం?"

ఆ జాలి నాకు నచ్చలేదు. నత్తలా పనిచేసేవాళ్ళ మధ్య ఆనందు ఒక్కడే ఇద్దరి పని చేసేవాడు. సారాకు అలవాటుపడ్డవాడు ఇంకో మేస్త్రి దగ్గరికి పోడని ఆయన ఎత్తుగడేమో అని నాకు గట్టిగా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

వానలు పడేసరికి వాడి కళ్ళు పసుపెక్కాయి. కామెర్లన్నారు, పసరు పోయించమన్నారు. పోయించాను. తర్వాత కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. కడుపు ఉబ్బింది. ఇక పసరు వాళ్ళను నమ్మేది లేదని నంద్యాల బస్సెక్కించాను.

నంద్యాలలో బస్టాండు వెనక ఒక డాక్టరమ్మ చిన్న నర్సింగ్‌హోం నడిపేది. మొదటిరోజు నేను ఆమెనూ నమ్మలేదు. వాడి ముఖం చూడకుండా కడుపు మీద వేళ్ళతో తట్టి, నన్నడిగింది. "ఎంత తాగుతాడు?"

నేను వాడిని అడిగాను. వాడు చిటికెన వేలు చూపించాడు.

"కొంచెం అంటాండాడమ్మా."

"మీకు కొంచెం అంటున్నాడు," అంది డాక్టరమ్మ. "మీరు ఎదురుగా నిలబడి అడిగితే ఇంకేమంటాడు?"

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. ఎవరు నిలబడి అడిగితే ఏం, వాడి మాటలు తెలిసింది నాకొక్కదానికే కదా అనుకున్నాను.

బ్లడ్ టెస్ట్, యూరిన్ టెస్ట్ చేశారు. రిపోర్టు చూసి ఆమె అంది. "బిలిరుబిన్ బాగా ఎక్కువుంది. లివర్ దెబ్బతింది, అయినా ఇంకా చేయి దాటలేదు. తాగుడు ఆపితే నిలబడతాడు. మళ్ళీ తాగి ఇదే కడుపుతో నా దగ్గరికి తీసుకొస్తే మాత్రం, అమ్మా, నేను చేసేదేమీ ఉండదు."

అదీ మా ముందున్న సంగతి. ఆపితే బతుకుతాడు, ఆపకపోతే పోతాడు. నాకు వాడు తప్ప ఎవరూ లేరు.

అడ్మిట్ చేశారు. నేను బోర్డింగులో పొద్దుటి వంట దించి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళేదాన్ని. ఒకరోజు వెళ్ళేసరికి వాడి రెండు చేతులూ మంచం పట్టీలకు గుడ్డపీలికలతో కట్టేసి ఉన్నాయి. వాడు తల అటూ ఇటూ కొట్టుకుంటున్నాడు. కళ్ళు ఇంతింత చేసుకుని నావైపు చూశాడు.

"ఎవురు కట్టినారు? ఏం జేసినాడని కట్టినారు?" అని అరిచాను.

నర్సు పరుగెత్తుకొచ్చింది. "గ్లూకోజ్ సూది పీకేస్తున్నాడమ్మా. మందు మానినప్పుడు వస్తుంది, విత్‌డ్రాయల్ అంటారు. లేనివి కనబడతాయి. ఎవరినైనా ఇట్లాగే కడతాం."

"నోరున్నోనికి చేతులు కట్టినారు, సరే. నోట్లో గుడ్డ కుక్కినారా? వీని నోరు ఆ చేతులే గదమ్మా!"

నా అరుపుకు డాక్టరమ్మ వచ్చింది. కట్లవైపు కాసేపు చూసింది. "ఇది నాకు తట్టలేదు," అంది. ఆ మాట అన్నందుకు ఆమె మీద నాకు మొదటిసారి కొంచెం నమ్మకం పుట్టింది. "సూది లేని చేయి విప్పండి. మీరు పక్కన కూర్చోండి," అని చెప్పి వెళ్ళింది.

విప్పగానే వాడి వేళ్ళు ఛాతీ మీద గబగబా పాకాయి. చీమలు, చీమలు అంటున్నాడు. ఒక్క చీమ లేదక్కడ. తర్వాత వేలు పొత్తికడుపు కిందికి చూపించాడు. మూత్రానికి పోవాలి. పొద్దుటి నుంచి అడుగుతున్నట్టున్నాడు పాపం, కట్టేసిన చేతులతో. చీమలది విత్‌డ్రాయల్. రెండోది మాత్రం మనందరికీ ఉండేదే.

చీమలు పోయాయి. వాపు దిగింది. డిశ్చార్జి రోజున డాక్టరమ్మ, "శనివారం సాయంత్రం మా వెనక గదిలో తాగుడు మానినవాళ్ళు కూర్చుంటారు. ఒకరి సంగతి ఒకరు చెప్పుకుంటారు. ఈయన్ను తీసుకురండి," అంది.

తీసుకుపోయాను. మందుల పెట్టెలు పేర్చిన గది, గుడ్డి దీపం, చాప మీద మగవాళ్ళు. ఒక్కొక్కరూ తమ కథ చెప్పేవారు. ఎట్లా మొదలైంది, ఎట్లా పడ్డారు, ఈ వారం సారా అంగడి ఎదురుకాకుండా ఏ సందులోంచి తప్పించుకుపోయారు. వాళ్ళు నవ్వుకునేవారు, ఏడ్చేవారు. ఆనందు వాళ్ళ ముఖాలు చూస్తూ, అందరూ నవ్వేశాక నవ్వేవాడు. నేను వాడి పక్కన కూర్చుని ఎంతని చెప్పగలను? ఒకాయన తన పెళ్ళాన్ని కొట్టిన రోజు గురించి ఏడుస్తూ చెబితే నేను వాడికి "పెండ్లాం, దెబ్బలు, ఏడుపు" అని మూడు గుర్తులతో ముగించేదాన్ని. వాడి వంతు వస్తే వాడు చెప్పేది ఒక్కటే. బాగున్నాను. తాగలేదు. ప్రతి శనివారం అదే. ఆ గుడ్డి వెలుగులో చేతులు సగం కనబడేవి కావు. అయినా నేను గట్టిగా అందరికీ వినిపించేదాన్ని, "తాగలేదంట" అని.

ఒక అమావాస్య నాడు, రాళ్ళ పనికి సెలవు రోజు, వాడు మేస్త్రి షెడ్డు వెనక పడిపోయి దొరికాడు. నోరు వాసన చూడాల్సిన పని లేదు, వీధి మొదట్లోకే కొట్టింది.

తర్వాతి శనివారం నేను చాప మీద కూర్చోబోతుంటే హుసేనప్ప అడ్డొచ్చాడు. హుసేనప్ప దూదేకులాయన. నంద్యాలలో పరుపులు, బొంతలు కుట్టే అంగడి ఉంది. తానూ బాగా తాగి మానినవాడే. వాళ్ళమ్మకు చెవులు వినబడవట. చిన్నప్పటి నుంచి చేతులతో మాట్లాడి పెరిగాడు.

"రూతక్కా, ఇంగ నువ్వు బయట కూకో," అన్నాడు.

"నేను బయట కూకుంటే వానికి ఎవురు చెప్తారు?"

"నేను చెప్తా."

"మా ఇంటి మాటలు నీకు యాడ తెలుసు?"

"తెలియకపోతే వాన్నే అడుగుతా. నువ్వుంటే వాడు నీకు నచ్చేటివే చెప్తాండాడు. నేను మా అమ్మ ముందర కూకోని నిజం చెప్తానా, చెప్పు?"

చాప మీద అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నా తమ్ముడికి నేను అడ్డమా? పైగా తాగి మానినవాడిని ఏం నమ్మేది? ఏదో ఒక రోజు మళ్ళీ మొదలుపెడతాడు, వీడినీ వెంటేసుకుపోతాడు. దగ్గరగా జరిగి ఆయన నోరూ వాసన చూశాను. వక్కాకు తప్ప ఏమీ తగల్లేదు.

హుసేనప్పకు అర్థమైంది. "సూసుకోక్కా, బాగా సూసుకో," అని నోరు ఇంత తెరిచాడు.

బయట అరుగు మీద కూర్చున్నాను. లోపల దీపం మార్చారు, హుసేనప్ప అడిగి ట్యూబులైటు పెట్టించాడు. కిటికీలోంచి ఆనందు చేతులు కనబడ్డాయి. ఆగకుండా కదులుతున్నాయి. నాతో ఏనాడూ అంతసేపు మాట్లాడలేదు వాడు. అది చూసి సంతోషించాల్సింది పోయి నాకు ఇంకా అనుమానమైంది. అంతసేపు ఏం చెబుతున్నాడు? నా మీదేనా?

కొన్నాళ్ళకు మళ్ళీ బ్లడ్ టెస్ట్ చేసి, లివర్ కుదుటపడిందని డాక్టరమ్మ డిసల్ఫిరామ్ అనే మాత్ర రాసింది. వరండాలో నడుస్తూ నాకు చెప్పింది. "ఇది వేసుకునే మనిషి చుక్క తాగినా ముఖం ఎర్రబడుతుంది, గుండె దడ, వాంతులు, బి.పి. పడిపోతుంది. ప్రాణం మీదికి కూడా రావొచ్చు. ఆల్కహాల్ ఏ రూపంలోనూ లోపలికి పోకూడదు. దగ్గు సిరప్ కూడా నన్నడక్కుండా వద్దు. అర్థమైందా?"

అర్థమైందన్నాను. ఇంటికొచ్చి వాడికి చెప్పాను. మాత్ర చూపించాను, బొటనవేలు నోటివైపు వంచాను, అది సారాకు మా గుర్తు, మెడ మీద అడ్డంగా గీశాను. దగ్గు సిరప్ సీసా చూపించి చేయి అడ్డంగా ఊపాను. వాడు తలూపాడు. రోజూ పొద్దున నా ఎదుటే మాత్ర మింగేవాడు. నాలుక పైకెత్తించి అడుగున చూసేదాన్ని. సాయంత్రం నోరు వాసన. ఏమీ ఉండేది కాదు. ఏమీ లేకపోతే కూడా, ఏ ఆకు నమిలి వచ్చాడో అనిపించేది.

ఇప్పుడు మా చర్చి సంగతి చెప్పాలి. తాగుబోతని సంఘ పెద్దలు ఆనందును, రొట్టె, గిన్నె అందించే ప్రభువు బల్లకు దూరం పెట్టి చాలా కాలమైంది. వాడు మానేశాడని అయ్యగారికి నేనే చెప్పాను. మామూలుగా తిరిగొచ్చేవాళ్ళు సంఘం ముందు నిలబడి నోటితో సాక్ష్యం చెప్పాలి. పెద్దలు, "మూగోడు గదా, తలూపితే సాల్లే," అన్నారు. తలూపించారు. దూరం పెట్టినవాళ్ళు తిరిగొచ్చిన మొదటిసారి ఆడవాళ్ళూ మగవాళ్ళూ అందరూ అయ్యాక ఆఖర్న వెళ్ళాలని మా సంఘం వాడుక. ఆనందు ఆఖర్న వెళ్ళి మోకరించాడు. వాడు తెల్లచొక్కా వేసుకుని, రాతి దుమ్ము లేకుండా వేళ్ళు తోముకుని వచ్చాడు. నేను ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తూ ఏడ్చాను.

ఆఖరి కీర్తన సగంలో ఉండగా మగవాళ్ళ వైపు గలభా. లేచి చూశాను. ఆనందు ముఖం మిరప్పండులా ఉంది. కళ్ళలో రక్తం దిగినట్టుంది. గుండె పట్టుకుని రొప్పుతున్నాడు. లేచి తలుపు వైపు రెండడుగులు వేసి, చర్చి నడిమధ్యలో భళుక్కున కక్కుకున్నాడు.

"తాగొచ్చినాడు!" అని ఎవరో అన్నారు.

మా వీధి సుందరమ్మ నా చెవిలోనే అంది. "తాగి బల్ల ముట్టినాడంటే ఏం గుండెనే వానిది! నీ పెంపకమంతా ఇదేనా?"

డాక్టరమ్మ చెప్పినవన్నీ ఒకటి తర్వాత ఒకటి కళ్ళముందు కనబడుతున్నాయి. ఎరుపు, దడ, వాంతి. ఇవి వచ్చాయంటే తాగినట్టే. బయట మెట్ల మీద వాడిని కూర్చోబెట్టి, మొదట ప్రాణం ఉందా అని చూసి, ఉందని తెలిశాక చేయి పట్టుకుని ఊపాను. "యాడ తాగినావ్? ఎప్పుడు తాగినావ్? ఎవురు పోసినారు?"

వాడు లేదు లేదని తల అడ్డంగా ఊపాడు. తర్వాత చేయి ఎత్తి నా తల మీద పెట్టాడు. ఒట్టు. తాగే రోజుల్లో ఎన్ని అబద్ధాలు చెప్పినా వాడు ఏనాడూ నా తల మీద చేయి పెట్టలేదు. నేను ఆ చేయి తోసేశాను.

పొద్దు వాలేసరికి ఎరుపు తగ్గింది. వాడు ఇంటికొచ్చి మాత్రల సీసా తీసి మురుగు మోరీలో కుమ్మరించాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెవులున్నవాడు అలిగితే మన మాటలన్నా చెవిన పడతాయి. వీడు కళ్ళు మూసుకుంటే ఇక మాటే లేదు. ఆ వారమంతా నేను గోడకు చెప్పినట్టే.

శనివారం వాడే లేచి, నన్ను పిలవకుండా బస్టాండుకు పోయాడు. మాత్ర లేదు, అడ్డు లేదు. తర్వాతి బస్సెక్కి నంద్యాలలో దిగాను. దిగగానే సారా అంగడి ముందు నిలబడి లోపలికి తొంగి చూశాను. అక్కడి మగవాళ్ళు, "ఏం గావాలమ్మా?" అని నవ్వారు. వాడు లేడు. హుసేనప్ప అంగడి వైపు నడిచాను. ఇద్దరూ కలిసి ఆ దూది మూటల వెనక ఏం చేస్తున్నారో ఇవాళ పట్టుకుందామని, వీధికి ఇవతల చెరుకురసం బండి చాటున నిలబడ్డాను.

అంగడి వాకిట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. దూది ఎగురుతోంది. ఆనందు మాట్లాడుతున్నాడు. చెవులతో వినే మాటయితే ఆ సందడిలో ఒక్కటి కూడా నాకు అందేది కాదు. చేతుల మాట కదా, వీధి అవతల నుంచి కూడా అక్షరం పోకుండా అందింది.

మెడ చుట్టూ పట్టీ గీశాడు. అయ్యగారు. రెండు చేతులతో గిన్నె పట్టుకున్నట్టు పట్టాడు. వరసగా మనుషులు, ఒక్కొక్కరికి కొంచెం, కొంచెం. ఆఖర్న, తన ఛాతీ మీద వేలు పెట్టి, నేను. గిన్నె నా నోట్లో వంచి, మొత్తం, మొత్తం పోసేశారు. తియ్యగా ఉంది. తర్వాత ముఖం మంట. గుండె. కక్కు. తర్వాత వేలు పైకి ఎత్తాడు. దేవుడు. నోట్లోంచి ఉమ్మేసినట్టు చేయి విసిరాడు, తన ఛాతీ మీద కొట్టుకున్నాడు.

దేవుడు నన్ను ఉమ్మేశాడు.

బుగ్గ మీద వేలు పెట్టాడు. అక్క కూడా.

వీధి ఎలా దాటానో తెలియదు. నేను వచ్చి నిలబడగానే ఆనందు ముఖం తిప్పుకున్నాడు. హుసేనప్ప చేతిలో బొంతసూది అలాగే ఉంది.

"గిన్నెలో ఏం పోస్తారక్కా మీ గుళ్ళో?" అన్నాడు.

"ద్రాచ్చారసం."

"రసమా, మందా?"

"అంగట్లో సీసాల్లో కొనేదే. అది ప్రభువు రక్తం గదప్పా, మందెట్లవుతాది?"

"నాకు మీ గుడి సంగతి తెలీదు. పా, డాక్టరమ్మనే అడుగుదాం."

డాక్టరమ్మ విని కుర్చీలో వెనక్కి వాలింది. "వైన్‌లో ఆల్కహాల్ ఉంటుంది. ఒక్క చుక్కయితే ఏమయ్యేదో గానీ, మిగిలిందంతా తాగాడంటే రియాక్షన్ వచ్చిందందుకే. ప్రాణాలతో ఉన్నందుకు సంతోషించండి. ఏ రూపంలోనూ వద్దని నేను చెప్పలేదా?"

"నాకు చెప్పినావమ్మా," అన్నాను.

ఆమె లేచి కుర్చీ జరిపి ఆనందు ఎదురుగా, మోకాలికి మోకాలు ఆనేలా కూర్చుంది. వాడి ముఖం చూస్తూ మాట్లాడింది. హుసేనప్ప ఆమె వెనక నిలబడి చేతులతో చెప్పాడు. కాగితం మీద మాత్ర బొమ్మ, సారా గ్లాసు బొమ్మ, చర్చి గిన్నె బొమ్మ గీసింది. గ్లాసులోనూ గిన్నెలోనూ ఒకే రంగు పెన్సిల్‌తో చుక్కలు పెట్టింది. ఆనందు ఆ చుక్కలు చాలాసేపు చూశాడు. తర్వాత వేలు పైకెత్తి, ఉమ్మినట్టు చేసి, కాదా అని అడిగాడు.

"కాదు. మాత్ర," అంది డాక్టరమ్మ. హుసేనప్ప చెప్పాల్సిన పని లేకుండానే ఆమె తల ఊపులో వాడికి అందింది. వాడు మోచేతిలో ముఖం దాచుకున్నాడు.

"మళ్ళీ మాత్ర వేసుకుంటాడా, ఆయన్నే అడగండి. మీరు కాదు," అని నా వైపు చేయి అడ్డం పెట్టింది. హుసేనప్ప అడిగాడు. వాడే చేయి చాపాడు.

అయ్యగారి దగ్గరికి పోయేటప్పుడు నా మనసులో పెద్ద అనుమానమే ఉంది. తాగుబోతును పట్టిద్దామని కావాలని పోశాడా? ఆయన విని తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"గిన్నెలో మిగిలింది పారబోయకూడదు కదమ్మా. ఎప్పుడూ నేనే తాగేస్తాను. ఈమధ్య నాకు షుగర్ పట్టుకుంది, తీపి వద్దన్నారు. ఆఖరివాడు ఆనందు. ఆశీర్వాదం వాడికే దక్కనీ అనుకుని వంచాను. అది మందని నా బుర్రకు తట్టనే లేదు, రూతమ్మా."

అది అబద్ధం కాదని తెలిసిపోయింది. నాకు మాత్రం తట్టిందా?

పెద్దలు మాత్రం ఊరికే ఒప్పుకోలేదు. ఆనందు ఈసారి తలూపనన్నాడు, సాక్ష్యం చెబుతానన్నాడు. వాడు చేతులతో చెబితే నేను నోటితో చెప్పాలి. ఒక పెద్దాయన అడ్డుపడ్డాడు. "వాడు చెప్పేదొకటి, ఈమె చెప్పేదొకటి అయితే మాకెట్ల తెలుస్తాది?"

నన్నే అనుమానించారు! ఒళ్ళు మండింది గానీ, వాళ్ళ స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని. అయ్యగారే దారి చెప్పారు. హుసేనప్ప వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు, తప్పు చెబితే చెప్పడానికి.

ఆనందు బల్ల ముందు నిలబడ్డాడు. చేతులు వణకలేదు. వాడు చెబుతూ పోయాడు, నేను పలుకుతూ పోయాను. పొద్దున చేతులు వణికితే మీకు తెలియకుండా గ్లాసు కోసం పోయేవాడిని. ఒక చుక్క పడితే గానీ మా అక్కతో మాట్లాడలేకపోయేవాడిని. కట్టేసినప్పుడు చీమలు కుట్టాయి. నాలాంటివాడు ఇంకెక్కడా లేడనుకున్నాను, చాప మీద అందరూ నాలాంటివాళ్ళే. గిన్నె తాగాక దేవుడు వద్దన్నాడనుకున్నాను. కాదు, మాత్ర. ఇంకా ఏదో చెప్పాడు. నేను గొంతు సవరించుకుని, "ప్రభువుకు స్తోత్రం," అని ముగించాను.

వెనక బెంచీ నుంచి హుసేనప్ప లేచాడు. "అక్కా, ఒకటి ఇడిసిపెట్టినావ్."

చర్చి అంతా నావైపు తిరిగింది. సుందరమ్మ అయితే సగం లేచి నిలబడింది.

"అక్క తల మీద చెయ్యి పెడితే," అని చెప్పాను, "అక్క తోసేసింది. రోజూ నా నోరు వాసన సూస్తాది, ఆ రోజు మాత్రం సూడలేదు. సూసింటే తెలిసేది, సారా వాసన లేదని."

మగవాళ్ళ వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. ఆనందు కూడా నవ్వాడు, ఈసారి అందరితోపాటే. తర్వాత వచ్చి నా తల మీద చేయి పెట్టాడు. ఉంచుకున్నాను.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. మాత్ర ఆపేసి కూడా చాలా కాలమైంది. వాడు ఓబులేసు మేస్త్రి దగ్గర మానేసి, మా వాకిట్లోనే పాక వేసుకుని రోళ్ళు చెక్కుతున్నాడు. బల్ల దగ్గర వాడు రొట్టె మాత్రమే తీసుకుంటాడు. దానికీ మొదట్లో గొణిగారు, తర్వాత అలవాటైంది. శనివారం గదికి ఇప్పుడు నందికొట్కూరు నుంచి ఒక చెవిటి టైలరు వస్తాడు, ప్యాపిలి నుంచి కాళ్ళు లేని ఒకాయన్ను వాళ్ళన్న ఎత్తుకుని తెస్తాడు. చాప తీసేసి బల్లలు వేశారు. టైలరుకు ఆనందు చెబుతాడు, ఆనందుకు హుసేనప్ప చెబుతాడు. సాయంత్రం వాడు ఇంటికి రాగానే అడక్కుండానే నా ముఖం మీద ఉఫ్‌మని ఊదుతాడు, ఏడిపించడానికి. పో పో అంటాను. అయినా చూస్తాను. పోని గుణం అది.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గరికి గానీ, ఇలాంటి కూటానికి గానీ తీసుకుపోయినప్పుడు, వాళ్ళ మాటలు తెలిసిన పరాయి మనిషిని ఒకరిని వెతికి పక్కన కూర్చోబెట్టండి, మీరు లేచి బయటికి రండి. గదిలో చేతులు కనబడేంత వెలుగుందో లేదో చూసుకోండి. చేతుల మాట కిటికీలోంచి కూడా అందుతుంది, వచ్చేముందు దానికి ఒక మందమైన గుడ్డ కట్టండి. మా కిటికీకి గుడ్డ నేనే కుట్టి కట్టాను. హుసేనప్ప అంగడి బట్టే, రెండు పొరలు.